ఒంటరి ప్రయాణంలో నాలుగు మాటలు కలిపేవాళ్లు: ఏ ఆన్‌లైన్ గ్రూపు ఎవరికి సరిపోతుంది?

ఒంటరిగా తిరిగేవాళ్లకు పగలు పెద్ద ఇబ్బంది ఉండదు. చూడాల్సినవి ఉంటాయి, ఎక్కాల్సిన బస్సులు ఉంటాయి, దారి తప్పితే అదో పని. సాయంత్రం ఏడు దాటాకే అసలు సంగతి. హోటల్లో ఒక్కరే కూర్చుని తినాలంటే మొహమాటం, రూమ్‌లో కూర్చుంటే బోర్. ఇక్కడ ఎవరినైనా కలవొచ్చా అని ఫోన్ తీస్తే ప్రయాణికులు మంచం లెక్కన దిగే హాస్టళ్ల చాట్, ఒకే ఇష్టం ఉన్నవాళ్ల సభలు పెట్టే మీటప్, ఊరివాళ్లు తమ ఇంట్లో ఉండనిచ్చే కౌచ్‌సర్ఫింగ్, ఫేస్‌బుక్ గ్రూపులు, తెలుగు సంఘం వాట్సాప్ అన్నీ ఒకేసారి ఎదురవుతాయి. అన్నీ మనుషులను కలిపేవే. కలిసేవాళ్లు మాత్రం వేరు, తేడా వస్తే తప్పుకునే వీలూ వేరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ‘కొత్తవాళ్లను కలుద్దాం రండి’ అని పెట్టిన గ్రూపు కన్నా ఏదో ఒక పని కోసం పెట్టిన గ్రూపు మేలు. పరుగు, నడక, పక్షులు చూడటం, భాష నేర్చుకోవడం, ఏదైనా సరే. చేతిలో పని ఉంటే మాటలు వెతుక్కోనక్కర్లేదు. పని అయిపోగానే ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. కానీ అలాంటి గ్రూపులు అన్ని ఊళ్లలో ఉండవు, అందరికీ కుదరవు. అందుకే మిగతావాటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, కలిసే చోటు ఎవరిది? పార్కు, కేఫ్, హాస్టల్ హాలు ఎవరి సొంతమూ కావు. అవతలివాళ్ల ఇల్లో, కారో అయితే నిర్ణయాలన్నీ వాళ్లవే. దీని వెనకే వచ్చే రెండో ప్రశ్న: నచ్చకపోతే పది నిమిషాల్లో లేచి రాగలమా? మెట్రో స్టేషన్ పక్కన కేఫ్‌లో ఉంటే రాగలం. రాత్రి పదకొండుకు ఊరి చివర ఎవరింట్లోనో ఉంటే రాలేం. రేటింగులు, వెరిఫైడ్ బ్యాడ్జిలు తర్వాత. నా లెక్కలో ముందు ఈ రెండే.

మూడోది, ఆ ఊళ్లో ఎన్ని రోజులు ఉంటారు? కొన్నిచోట్ల ప్రొఫైల్ నింపి, మెసేజ్ రాసి, జవాబు వచ్చేసరికే వారం గడుస్తుంది. రెండు రాత్రుల మజిలీకి అంత తతంగం దండగ.

నాలుగోది చాలామంది వేసుకోని ప్రశ్న. మీకు కావలసింది తోటి ప్రయాణికులా, ఆ ఊరివాళ్లా, మనవాళ్లా? నాలుగు రోజులు హాస్టల్లోనే గడిపి వచ్చి ‘అక్కడివాళ్లు ఒక్కరూ పరిచయం కాలేదు’ అని వాపోయేవాళ్లను చూస్తుంటాను. హాస్టల్లో ఆ ఊరివాళ్లు ఎందుకు ఉంటారు?

ఖర్చు గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. వీటిలో చాలావరకు ఉచితం, లేదా నామమాత్రపు చందా. పోయేది సమయమే.

| మార్గం | కలిసే చోటు | లేచి రావడం | ఎక్కువగా కలిసేది | ఎంత ముందుగా మొదలుపెట్టాలి |
|---|---|---|---|---|
| హాస్టల్ చాట్ | హాస్టల్, చుట్టుపక్కల | సులువు | ప్రయాణికులు | అదే రోజు చాలు |
| మీటప్, భాషా మార్పిడి సభలు | కేఫ్, బార్, పార్కు | సులువు | ఊరివాళ్లు, వలస వచ్చినవాళ్లు | రెండు మూడు రోజులు |
| పరుగు, ట్రెక్, పక్షుల గ్రూపులు | ఆరుబయట | ఊళ్లో సులువు, కొండమీద కష్టం | ఊరివాళ్లు | వారం |
| ఇంటికి పిలిచే వేదికలు (కౌచ్‌సర్ఫింగ్, బీవెల్‌కమ్, సర్వాస్) | వాళ్ల ఇల్లు | కష్టం | ఊరివాళ్లు | రెండు వారాల నుంచి నెల |
| ఫేస్‌బుక్, వాట్సాప్, టెలిగ్రామ్ | మీరు ఒప్పుకున్న చోటు | మీ చేతిలో ఉంది | ఎవరైనా కావచ్చు | చెప్పలేం |
| తెలుగు సంఘాలు | హాలు, గుడి, వాళ్ల ఇల్లు | మొహమాటం అడ్డొస్తుంది | మనవాళ్లు | వారం పది రోజులు |

హాస్టల్ చాట్‌లు

తొందరగా పని జరగాలంటే ఇవే. హాస్టల్‌వరల్డ్ యాప్‌లో బెడ్ బుక్ చేస్తే ఆ హాస్టల్‌కు, ఆ ఊరికి వచ్చే తోటి ప్రయాణికులతో చాట్ తెరుచుకుంటుంది. మన దేశంలో జోస్టెల్ లాంటి చోట్ల రిసెప్షన్‌లో అడిగితే చాలు, వాట్సాప్ గ్రూపులో చేర్చేస్తారు. ఆ గ్రూపుల్లో కవిత్వం ఉండదు, అవసరం ఉంటుంది. హిమాచల్ కొండల్లోని స్పితి వెళ్లినప్పుడు కాజా ఊళ్లో చూడండి: ‘రేపు పొద్దున ఆరింటికి చంద్రతాల్ సరస్సు. ఇద్దరం ఉన్నాం, ఇంకో ఇద్దరు వస్తే టాక్సీ ఖర్చు పంచుకుందాం.’ ఒక్కరికే టాక్సీ అంటే జేబు ఖాళీ. నలుగురైతే తేలిగ్గా వెళ్లిపోతుంది, పైగా ఎనిమిది గంటలు ఒకే బండిలో కూర్చుంటే స్నేహం దానంతటదే కుదురుతుంది.

లోటు ఏమిటంటే, పరిచయాలు చెకౌట్ దాకానే. వయసు నలభై దాటినవాళ్లకు ఆ సందడిలో ఇమడటం కష్టం కావచ్చు. ఇంకో సంగతి: మన దేశంలో చాలా హాస్టళ్లు అదే ఊరి అడ్రస్ ఆధార్ మీద ఉంటే బెడ్ ఇవ్వవు. హైదరాబాద్‌వాళ్లు హైదరాబాద్ హాస్టల్లోనే ఉండి ప్రయాణికులను కలుద్దామనుకుంటే ముందు ఫోన్ చేసి అడగండి.

మీటప్, భాషా మార్పిడి సభలు

మీటప్ 2002లో న్యూయార్క్‌లో పుట్టింది. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత ఇరుగుపొరుగువాళ్లు ఒకరినొకరు పలకరించుకోవడం చూసి వచ్చిన ఆలోచన అది. అంటే మొదటినుంచీ స్థానికుల కోసం కట్టిన వేదిక. ప్రయాణికులు అందులోకి అతిథుల్లా వెళ్తారు. అదే దాని బలం. బెర్లిన్‌లో బోర్డ్ గేమ్స్ ఆడే గ్రూపులోకి వెళ్తే మీకు కలిసేది పక్క వీధిలో ఉండే ఇంజనీరు, టీచరు. టూరిస్టులు కాదు.

కాకపోతే పేజీలో ‘నలభై మంది వస్తున్నారు’ అని ఉంటే నమ్మేయకండి. ఉచిత సభలకు పేరు ఇచ్చి రానివాళ్లే ఎక్కువ. నేను చూసేది మూడు విషయాలు. ఆ సభ పెట్టే మనిషి ఎన్నాళ్లుగా పెడుతున్నాడు? జరిగిన సభల ఫొటోలు ఉన్నాయా? ఆ ఫొటోల్లో ఆడవాళ్లు, పెద్దవాళ్లు కనిపిస్తున్నారా? నిన్నగాక మొన్న తెరిచిన గ్రూపు, సభ ఎవరింట్లోనో, అడ్రస్ ‘తర్వాత చెబుతాం’ అంటే దాన్ని వదిలేయడమే.

భాషా మార్పిడి సభలు మొహమాటస్తులకు చాలా మంచివి. ముందో లింగో అని బ్యూనస్ ఐరిస్‌లో మొదలై చాలా నగరాలకు పాకిన సభలున్నాయి. లోపలికి వెళ్లగానే చొక్కా మీద మీకు వచ్చిన భాషల జెండా స్టిక్కర్లు అతికిస్తారు, బాగా వచ్చిన భాష పైన, కొంచెం కొంచెం వచ్చినవి కింద. ఎవరితో ఏం మాట్లాడాలా అని బుర్ర బద్దలుకొట్టుకోనక్కర్లేదు, స్టిక్కరే మాట మొదలుపెడుతుంది. మనకు కొంచెం చిక్కు: మన జెండా చూసి అందరూ హిందీలో పలకరిస్తారు. తెలుగు అని చెబితే ‘అదెక్కడిది’ అంటారు. ఆ ప్రశ్నతో అరగంట గడిచిపోతుంది, నష్టమేం లేదు.

వీటిలో చాలా సభలు బార్లలో జరుగుతాయి. తాగనివాళ్లు ఆ ఒక్క కారణంతో మానుకోవాల్సిన పనిలేదు, సోడా పట్టుకుని కూర్చుంటే ఎవరూ పట్టించుకోరు. ఏదో ఒకటి కొనుక్కోవడం మాత్రం మర్యాద.

పని ఉన్న గ్రూపులు

నేను అన్నిటికన్నా ముందు సలహా ఇచ్చేది వీటినే. ఉదాహరణకు పార్క్‌రన్. 2004లో లండన్ బుషీ పార్కులో మొదలైంది. ఇప్పుడు బ్రిటన్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, పోలండ్, జర్మనీ, జపాన్, సింగపూర్, మలేసియా లాంటి దేశాల్లో ప్రతి శనివారం పొద్దున జరుగుతుంది. 5 కిలోమీటర్లు, ఉచితం. జీవితంలో ఒక్కసారి ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుంటే బార్‌కోడ్ వస్తుంది, ప్రపంచంలో ఏ పార్కుకు వెళ్లినా అదే చూపించాలి. పరుగెత్తనక్కర్లేదు, నడవొచ్చు. చిట్టచివరన నడిచే వాలంటీరు ఒకరు ఉంటారు కాబట్టి మీరెప్పుడూ ఆఖరివాళ్లు కారు. పరుగుకు ముందు ‘వేరే ఊళ్లనుంచి ఎవరైనా వచ్చారా’ అని అడుగుతారు, చెయ్యెత్తితే చాలు. అయిపోయాక చాలాచోట్ల దగ్గర్లోని కేఫ్‌కు గుంపుగా వెళ్తారు. అసలు పరిచయాలు అక్కడే. పొద్దున పది పదకొండుకల్లా పని అయిపోతుంది కాబట్టి ఆడవాళ్లకు రాత్రి ప్రయాణం టెన్షన్ లేదు.

మన దేశంలో పార్క్‌రన్ లేదు. దాని బదులు ఊరూరా రన్నింగ్, సైక్లింగ్, ట్రెక్కింగ్ క్లబ్బులున్నాయి. హైదరాబాద్ వచ్చేవాళ్లకైతే హైదరాబాద్ రన్నర్స్, గ్రేట్ హైదరాబాద్ అడ్వెంచర్ క్లబ్, హైదరాబాద్ బర్డింగ్ పాల్స్ ఉన్నాయి. బైనాక్యులర్స్ లేకపోయినా పక్షుల గ్రూపుకు వెళ్లొచ్చు, పక్కవాళ్లు తమది ఇచ్చి మరీ చూపిస్తారు. కొత్తవాడికి పక్షిని చూపించడం పక్షిప్రేమికులకు ఉన్న బలహీనత.

కొండలెక్కే గ్రూపుల విషయంలో మాత్రం పట్టికలో రాసింది గుర్తుంచుకోండి. ఊళ్లో పార్కు నుంచి ఆటో ఎక్కి వచ్చేయొచ్చు. ట్రెక్ మధ్యలో లీడర్ నచ్చలేదని తిరిగి రాలేరు. అక్కడ మంచి మాటలకన్నా అనుభవం చూడాలి: ఎంతమందికి ఒక లీడర్, ఫస్ట్ ఎయిడ్ ఎవరి దగ్గర ఉంటుంది, అడవిశాఖ అనుమతి తీసుకున్నారా.

ఇంటికి పిలిచే వేదికలు

ఇక్కడ లాభమూ ఎక్కువ, రిస్కూ ఎక్కువ. హోటల్లో పది రోజులున్నా తెలియని సంగతులు ఒకరింట్లో ఒక పూట తింటే తెలుస్తాయి. కౌచ్‌సర్ఫింగ్ 2004 నుంచి ఉంది. 2011లో లాభాపేక్ష ఉన్న కంపెనీగా మారింది. 2020 మే నుంచి చాలా దేశాల్లో చందా కట్టమంది. అప్పుడు అలిగి వెళ్లిపోయిన పాతకాపులు చాలామంది బీవెల్‌కమ్, ట్రస్ట్‌రూట్స్‌లలో తేలారు. ఆ రెండూ ఉచితం, వాలంటీర్లు నడిపేవి. సభ్యులు తక్కువ, కానీ జవాబిచ్చేవాళ్లు మనసుపెట్టి ఇస్తారు. పెద్ద నగరాలకు కౌచ్‌సర్ఫింగ్, యూరప్ చిన్న ఊళ్లకు బీవెల్‌కమ్ అన్నది నా ఓటు. సైకిల్ మీద తిరిగేవాళ్లకు వార్మ్‌షవర్స్ అని వేరే ఉంది.

సర్వాస్ వీటన్నిటికన్నా పాతది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత శాంతి కోసం 1949లో డెన్మార్క్‌లో మొదలైంది. అందులో చేరాలంటే ముందు ఇంటర్వ్యూ ఉంటుంది. మామూలుగా ఒక ఇంట్లో రెండు రాత్రులు ఉంటారు. యాభై, అరవై దాటాక ఒంటరిగా బయల్దేరే రిటైరైన మాస్టార్లకు, బ్యాంకు ఉద్యోగం చేసినవాళ్లకు నేను కళ్లు మూసుకుని చెప్పేది ఇదే. అందులో ఇల్లు తెరిచేవాళ్లలోనూ పెద్ద వయసువాళ్లు ఎక్కువ. ఇంటర్వ్యూ అన్న జల్లెడ ఉండటం వల్ల ఊరికే ఫ్రీ మంచం కోసం వచ్చేవాళ్లు తక్కువ.

ఏ వేదికైనా పని జరిగేది మీరు రాసే మెసేజ్‌తోనే. ఇలా రాస్తే జవాబు రాదు: ‘హాయ్, నేను 12 నుంచి 15 వరకు మీ ఊరు వస్తున్నాను. మీ ఇంట్లో ఉండొచ్చా?’ పది మందికి కాపీ కొట్టి పంపారని ఇట్టే తెలిసిపోతుంది. ఇలా రాసి చూడండి: ‘ఇంట్లోనే బ్రెడ్ చేస్తానని మీ ప్రొఫైల్లో రాశారు. మా ఇంట్లో వారానికి నాలుగు రోజులు పులిసిన పిండితో దోసెలే. నేను 12వ తేదీ సాయంత్రం బస్సు దిగుతాను, 14 పొద్దున వెళ్లిపోతాను. నేను మాంసం తినను, మీరు వండుకుంటే మాత్రం నాకు ఇబ్బంది లేదు. ఇంట్లో ఉండటం కుదరకపోతే ఒక కాఫీకైనా కలుద్దాం.’ తేదీలు, తిండి, వాళ్లు సులువుగా కాదనగలిగే దారి, మూడూ ఉన్నాయి. ఆఖరి వాక్యం చాలాసార్లు పనిచేస్తుంది. ఇంట్లో చోటు లేదన్నవాళ్లు కూడా ఊరు చూపించడానికి వస్తారు. నిజానికి మొదటిసారి వెళ్లేవాళ్లు హోటల్లో దిగి, ఈ వేదికల ద్వారా కాఫీకి మాత్రం కలవడం ఉత్తమం.

పాత అతిథులు రాసిన రిఫరెన్సులు చదవడం ఒక విద్య. ‘చాలా మంచివారు, ఇల్లు బాగుంది’ అన్న మాటల్లో ఏమీ లేదు. చెడ్డగా రాయడానికి మొహమాటపడి చాలామంది పొడిపొడిగా రాసి ఊరుకుంటారు. కాబట్టి ఏం రాశారో కన్నా ఏం రాయలేదో చూడండి. ఒక మగమనిషికి వచ్చినవన్నీ పాతికేళ్ల లోపు అమ్మాయిలు రాసినవే అయితే, ఎన్ని ఉన్నా వద్దు. దంపతులు, కుటుంబాలు, మగవాళ్లు అందరూ రాసి ఉంటే నమ్మొచ్చు. పడుకునేది విడి గదిలోనా, హాల్లో సోఫా మీదా, వాళ్ల గదిలోనేనా అని వెళ్లకముందే అడిగి రాతలో తెచ్చుకోండి.

మన పాస్‌పోర్టువాళ్లకు ఇంకో ముడి ఉంది. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు ఎక్కడ ఉంటారో రుజువు చూపాలి. కౌచ్‌సర్ఫింగ్‌లో హోస్ట్ ‘సరే రండి’ అన్న మెసేజ్ అక్కడ చెల్లదు. ఉదాహరణకు ఫ్రాన్స్‌లో ఎవరింట్లోనైనా ఉంటామంటే ఆ ఇంటివాళ్లు తమ మునిసిపల్ ఆఫీసులో ఆతిథ్య ధ్రువపత్రం తీసుకుని పంపాలి. ముక్కూమొహం తెలియని మనిషి కోసం అంత పని ఎవరూ చేయరు. అందుకే యూరప్‌కు తొలిసారి వెళ్లేవాళ్లు హోటల్ బుకింగులతోనే ప్లాన్ చేసుకోవాలి.

ఫేస్‌బుక్, వాట్సాప్, టెలిగ్రామ్

ఇవి సంత లాంటివి, మంచి సరుకూ ఉంటుంది, జేబుదొంగలూ ఉంటారు. బాగున్నవాటిలో హోస్ట్ ఎ సిస్టర్ ఒకటి. ఆడవాళ్లకు ఆడవాళ్లే ఇల్లు చూపే, ఊరు చూపే ఫేస్‌బుక్ గ్రూపు. ఒంటరిగా తిరిగే అమ్మాయిలు కౌచ్‌సర్ఫింగ్ కన్నా ముందు ఇక్కడ అడగడం నయం. అయినా గ్రూపులో చేర్చుకున్నంత మాత్రాన అడ్మిన్లు ఆ ఇల్లు చూసి వచ్చినట్టు కాదు. కలిసేముందు ఒక్కసారైనా వీడియో కాల్ మాట్లాడండి.

‘ట్రావెల్ బడ్డీ కావాలి’ గ్రూపుల్లో జాగ్రత్త. బుకింగ్ కోసం అడ్వాన్స్ యూపీఐ చేయమనేవాళ్లు, పరిచయమైన గంటకే ఫలానా బార్‌కే వెళ్దామని పట్టుబట్టేవాళ్లు రెండు పాత మోసాలు. షాంఘైలో టీ రుచి చూద్దామంటారు, ఇస్తాంబుల్‌లో ఒక్క డ్రింక్ అంటారు, చివరికి బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి. మన దగ్గరా డేటింగ్ యాప్‌లో పరిచయం పెంచుకుని పబ్‌కు రప్పించి వేలల్లో బిల్లు వేసే ముఠాను 2024లో సైబరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. విరుగుడు చాలా సింపుల్: చోటు మీరే ఎంచుకోండి. ఒప్పుకోకపోతే మనిషి ఉద్దేశం అప్పుడే తేలిపోతుంది.

వాట్సాప్ గ్రూపులో చేరితే మీ నంబర్ అందరికీ కనిపిస్తుంది. ప్రొఫైల్ ఫొటో కాంటాక్ట్స్‌కు మాత్రమే కనిపించేలా ముందే మార్చుకోండి. ఇంట్లోవాళ్లకు లైవ్ లొకేషన్ పంపేవాళ్లు ఒకటి గమనించాలి. వాట్సాప్‌లో అది 15 నిమిషాలు, గంట, 8 గంటలు, అంతే. రాత్రి తొమ్మిదికి పెడితే తెల్లారి ఐదుకు ఆగిపోతుంది. అమ్మ నిద్రలేచి చూసేసరికి లొకేషన్ లేదని కంగారుపడుతుంది.

తెలుగు సంఘాలు

అమెరికాలో తానా 1977 నుంచి ఉంది, సింగపూర్ తెలుగు సమాజం 1975 నుంచి, మలేసియా తెలుగు సంఘం 1955 నుంచి. ఉగాది, సంక్రాంతి, కార్తీక వనభోజనాల రోజుల్లో మీరు ఆ ఊళ్లో ఉంటే వాళ్ల ఫేస్‌బుక్ పేజీ చూసి మెసేజ్ పెట్టండి. పచ్చడి మెతుకులు ఖాయం. జ్వరమొచ్చినా, పాస్‌పోర్టు పోయినా ముందు పరిగెత్తుకొచ్చేది వీళ్లే. ఈ ఒక్క కారణానికి, కలవకపోయినా ఒక నంబర్ దగ్గర ఉంచుకోవడం మంచిది.

దీనికి ఇచ్చుకోవాల్సింది కూడా ఉంది. ‘మీదే ఊరు’తో మొదలై ‘ఇంటిపేరేంటి’ దాకా, అక్కడినుంచి పెళ్లి సంగతి దాకా వెళ్తుంది. మనవాళ్ల మధ్య కూర్చుంటే వెళ్లిన ఊరు కిటికీలోంచి కనిపించేంతే కనిపిస్తుంది. ఒంటరిగా వచ్చిన అమ్మాయి గురించి మాట, ఆమె తిరిగి రాకముందే గుంటూరు చేరుతుంది. మలేసియా మాత్రం వేరు. అక్కడి తెలుగువాళ్లలో చాలామంది బ్రిటిష్ కాలంలో తోటల్లో పనికి వెళ్లిన కుటుంబాల పిల్లలు, మనవలు. వాళ్లతో మాట్లాడితే మన భాష వినిపిస్తూనే ఆ దేశం కథ తెలుస్తుంది.

ఎవరికి ఏది

తొలిసారి ఒంటరిగా వెళ్లే అమ్మాయికి: ఆడవాళ్ల డార్మ్ ఉన్న హాస్టల్, పొద్దుటిపూట జరిగే ఏదో ఒక పని గ్రూపు. తెలియనివాళ్ల ఇంట్లో ఉండటాలు రెండో ప్రయాణానికి వాయిదా వేయండి.

ఊళ్లో రెండే రాత్రులుంటే హాస్టల్ చాట్ తప్ప మిగతావి మర్చిపోండి. ఒక నెల ఉండి ల్యాప్‌టాప్ మీద ఉద్యోగం చేసుకునేవాళ్లకు మీటప్, కానీ ఒకే గ్రూపుకు వరుసగా వెళ్లాలి. వారానికో కొత్త గ్రూపుకు వెళ్తే ప్రతిసారీ పేరు, ఊరు చెప్పుకోవడంతోనే సరిపోతుంది, రెండోసారి కనిపించినప్పుడే అవతలివాళ్లు భోజనానికి పిలుస్తారు.

నలుగురిలో నోరు పెగలనివాళ్లకు పరుగు, పక్షులు, బోర్డ్ గేమ్స్. లేదా ఒక్క మనిషితో కాఫీ. పదిహేను మంది ఉన్న డిన్నర్‌కు వెళ్లకండి, అక్కడ మాటకారులకే చోటు.

శాకాహారులు ఎవరింటికి వెళ్తున్నా ‘వెజిటేరియన్’ అని చెప్పి ఊరుకోకండి. చాలా దేశాల్లో చేప, కోడి ముక్కల సూప్ కూడా అందులోకే వస్తాయనుకుంటారు. ఏం తింటారో చెప్పండి: అన్నం, పప్పు, కూరగాయలు, పెరుగు. పులిహోర పేస్టు ప్యాకెట్ ఒకటి పట్టుకెళ్తే వంట మీదే అవుతుంది, గొడవ ఉండదు.

ఇక ఇవేవీ అక్కర్లేని చోట్లూ ఉన్నాయి. తిరువణ్ణామలైలో, అంటే మన అరుణాచలంలో, పౌర్ణమి రాత్రి గిరిప్రదక్షిణ 14 కిలోమీటర్లు. పక్కన నడిచేవాళ్లు ఎక్కడినుంచి వచ్చారని అడిగితే చాలు, మాటలు మొదలవుతాయి, తెలుగువాళ్లు అడుగడుక్కీ తగులుతారు. స్పెయిన్‌లో శాంటియాగో యాత్రాదారి కూడా అంతే, పొద్దున నడిచినవాళ్లే సాయంత్రం అదే సత్రంలో ఎదురవుతారు. అలాంటిచోటికి వెళ్తుంటే యాప్‌ల జోలికి పోకుండా గది మాత్రం ముందే బుక్ చేసుకోండి. పౌర్ణమికి అరుణాచలంలో గది దొరకడం మాటలు కాదు.